స్టెప్నీల డ్యూటీ చార్టు

మా తాతయ్యకి కోపం వస్తే అరవడు, స్కేలు అడుగుతాడు.

స్కేలు, తెల్ల కాగితం, ఒక కొన ఎరుపూ ఒక కొన నీలమూ ఉండే పెన్సిలు. ఈ మూడూ ఆయన ముందుకొచ్చాయంటే ఇంట్లో ఎవరికో మూడినట్టే. ఒకసారి స్నానాల గది ముందు నేనూ అన్నయ్యా జుట్టూ జుట్టూ పట్టుకుంటే, అరగంటలో తలుపు మీద చార్టు వెలిసింది. ఎవరు ఎన్నింటికి లోపలికి వెళ్ళాలో, ఎన్నింటికి బయటపడాలో అందులో గళ్ళు కొట్టి రాసి ఉంది. అన్నయ్యకి పన్నెండు నిమిషాలు, నాకు తొమ్మిది.

"నాకెందుకు తొమ్మిదే?" అని దెబ్బలాటకి దిగాను.

"నువ్వు స్నానం చేసేది నాలుగు నిమిషాలే. మిగతాదంతా పాటలు. ఐదు నిమిషాల పాట చాలు మాకు" అన్నాడు.

ఆయన బస్సు డిపోలో ఇరవై ఆరేళ్ళు డ్యూటీ చార్టు గుమాస్తాగా పనిచేశాడు. చిన్నప్పుడు నన్ను అక్కడికి తీసుకెళ్ళేవాడు. గేటు పక్కన అగ్గిపెట్టెంత గది, డీజిలు వాసన, చెయ్యి మాత్రమే పట్టే కిటికీ, బయట గోడకి పెద్ద చెక్క. రోజూ సాయంత్రం నాలుగింటికి మర్నాటి చార్టు ఆ చెక్కకి ఎక్కాలి. నూట ఎనభైమంది డ్రైవర్లలో ఎవరికి ఏ బండి, ఏ రూటు అన్నది అందులో ఉంటుంది. ఒకడికి గతుకుల దారి వరసగా రెండు రోజులు పడితే మూడో రోజు తప్పకుండా మంచి దారి పడాలి. "ఆ కిటికీలోంచి తిట్లు లోపలికొచ్చేవి, చార్టులు బయటికెళ్ళేవి" అని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాడు.

కానీ ఆయన డిపోలో చేరింది గుమాస్తాగా కాదు, డ్రైవరుగా. ఈ ముక్క చెప్పేటప్పుడు మాత్రం గొంతు తగ్గిస్తాడు. కొత్త డ్రైవరుకి సొంత రూటు ఉండదు, స్పేరులో వేస్తారు. ఎవరైనా రాకపోతే ఆ బండి ఎక్కాలి, అందరూ వస్తే బల్ల మీద కూర్చోవాలి. తాతయ్య ఖర్మకొద్దీ ఆ డిపోలో అందరూ గుండ్రాళ్ళలాంటి మనుషులు. జలుబు కూడా చేసేది కాదు. పదకొండు నెలలపాటు తెల్లారేసరికి ఇస్త్రీ బట్టలు వేసుకుని వెళ్ళి ఆ బల్ల మీద కూర్చున్నాడు. ఇస్త్రీ వెనకవైపు మాత్రమే నలిగేది. మొత్తం మీద ఆయన నడిపినవి ఆరు ట్రిప్పులు. ఆ ఆరింటి గురించీ అరవై ఏళ్ళ సర్వీసు చేసినవాడిలా చెబుతాడు. పాత డ్రైవర్లు ఆయన్ని పేరు పెట్టి పిలిచేవారు కాదు. "ఒరేయ్ స్టెప్నీ" అనేవారు. అంటే బండికి కట్టి ఉంచే అదనపు చక్రం. పన్నెండో నెలలో కళ్ళ పరీక్షలో తప్పాడు. స్టీరింగు పోయి చేతికి పెన్సిలు వచ్చింది.

ఇక నా సంగతి. పదో తరగతి రెండుసార్లు రాసి రెండుసార్లూ అక్కడే ఉండిపోయినదాన్ని, కాబట్టి చదువు గురించి నన్నేమీ అడక్కండి. ఆటల్లో మాత్రం ఎనిమిదిలో ఉండగానే మంచి హోదా సంపాదించాను. స్కూలు ఆడపిల్లల ఫుట్‌బాల్ టీములో నాది పధ్నాలుగో నంబరు. ఫారంలో పధ్నాలుగు గళ్ళున్నాయి, పదమూడుమంది దొరికారు. చివరి గడి నింపడానికి మా డ్రిల్ మాస్టారు క్లాసు కిటికీలోంచి తొంగిచూసి, ఎవరు ఖాళీగా ఉన్నారో వాళ్ళని రమ్మన్నారు. నేనెప్పుడూ ఖాళీగానే ఉండేదాన్ని.

మా గ్రౌండు చిన్నది. ఒక్కో పక్క ఏడుగురే ఆడతారు. ఎప్పుడూ ఆ ఏడుగురే ఆడేవాళ్ళు, మేం ఏడుగురం గోడ నీడలో గట్టు మీద కూర్చునేవాళ్ళం. నాకు జెర్సీ వచ్చింది, చివరి పీరియడ్ తప్పింది, బిస్కెట్లు దొరికాయి, పరిగెత్తే బాధ మాత్రం రాలేదు. ఇంతకంటే మనిషికేం కావాలి? ఆ గట్టు మీద నా పక్కన కూర్చునే పిల్లని ముల్లు అనేవాళ్ళం. వాళ్ళ నాన్న గడియారాలు బాగుచేస్తాడు, పిల్ల కూడా సెకన్ల ముల్లంత సన్నం. ఎవరేమన్నా "సరే" అనేది. ఆ మాట ఒక్కటే నేర్పి బడికి పంపారేమో అనుకునేదాన్ని.

ఒక సాయంత్రం తాతయ్య నన్ను తీసుకెళ్ళడానికి సైకిలు మీద వచ్చాడు. అప్పుడే గ్రౌండు మధ్యలోంచి మా టీము నాయకురాలు కేకేసింది. ఆ పిల్లని అందరం పిడుగు అంటాం. బంతిని తంతే దాన్ని వెతకడానికి వాచ్‌మన్ బయల్దేరాల్సి వచ్చేది.

"ఒసేయ్ స్టెప్నీ! నీళ్ళు!"

"వస్తున్నానే!" అని సీసా పట్టుకుని ఎగురుకుంటూ వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి తాతయ్య సైకిలు దిగి నిలబడి ఉన్నాడు. ఇల్లు చేరేదాకా నన్ను ఎక్కించుకోకుండా నడిపించాడు.

"నిన్నేమంది ఆ పిల్ల?"

"స్టెప్నీ అంది. అందరూ అంటారు తాతయ్యా, ముద్దుపేరు."

"ముద్దా?"

"మరి? స్టెప్నీ లేకుండా బండి కదులుతుందా?"

"కదులుతుంది" అన్నాడు. "నేను లేకుండా పదకొండు నెలలు కదిలింది."

ఇంటికి రాగానే స్కేలు అడిగాడు.

మర్నాడు డ్రిల్ మాస్టారి గదికి నన్ను కూడా లాక్కెళ్ళాడు. గాలిపోయిన బంతులు, సున్నం డబ్బా, ఒక కాలు పొట్టిదైన కుర్చీ ఉన్న గది అది. తాతయ్య ఆ కుర్చీలో కూర్చుని ఊగుతూనే మాట్లాడాడు.

"మాస్టారూ, మ్యాచ్ ఎంతసేపు?"

"నలభై నిమిషాలండీ."

"పిల్లలెంతమంది?"

"పధ్నాలుగు. కానీ ఆడేది ఏడుగురే కదండీ."

"నలభైని నాలుగు పావులు చెయ్యండి. పావుకి ఏడుగురు. నాలుగు ఏడులు ఇరవై ఎనిమిది. పధ్నాలుగుమందికి తలా రెండు. సరిగ్గా ఇరవై నిమిషాలు, ఒక్క నిమిషం మిగలదు, తగ్గదు. ఇంత చక్కగా కుదిరే డ్యూటీ నా సర్వీసులో నాకొక్కటీ దొరకలేదు."

మాస్టారు నా వైపు చూశారు. నేను తల అడ్డంగా ఊపాను, వద్దనమని. ఆయన దాన్ని సిగ్గనుకున్నారు.

"బాగానే ఉంది పెద్దాయనా. కానీ గెలవాలి కదా? అందర్నీ దింపితే..." అని మళ్ళీ నన్నే చూశారు.

"స్టాపులో నిలబడ్డ ప్రతివాడికీ టికెట్టు కొట్టి, కొందరిని అక్కడే వదిలేసి వెళ్ళిపోతే ఒప్పుకుంటారా? జెర్సీ ఇచ్చారంటే టికెట్టు ఇచ్చినట్టే."

మాస్టారు చాలాసేపు చెవి గోక్కున్నారు. మా పిల్లనెందుకు దింపలేదని ప్రతి మ్యాచ్ తర్వాతా ఎవరో ఒక తల్లి ఆయన్ని గేటు దగ్గర పట్టుకునేదట. చివరికి "చార్టు మీరే వెయ్యండి. తిట్లు కూడా మీరే తినండి" అన్నారు.

"తిట్లు నాకు అలవాటే" అన్నాడు తాతయ్య, ఉద్యోగం తిరిగొచ్చినవాడిలా.

చార్టు వచ్చి స్కూలు వరండాలో నోటీసు బోర్డు ఎక్కింది. నీలం గడి అంటే ఆట, ఎర్ర గడి అంటే విశ్రాంతి. నా వరసలో రెండు నీలం గళ్ళు చూసి నాకు నిజంగానే కడుపులో నొప్పి వచ్చింది. మొదటి మ్యాచ్ రోజు పొద్దున ఆ నొప్పి ఇంట్లో చెప్పాను. అమ్మమ్మ నా పొట్ట మీద చెయ్యి వేసి చూసి, "ఇది ఇరవై నిమిషాల నొప్పే, తగ్గిపోతుంది" అని జెర్సీ తొడిగింది.

తాతయ్య గ్రౌండు అంచున బల్ల వేసుకుని, చార్టు పరిచి, మణికట్టు వాచీ చూసుకుంటూ కూర్చున్నాడు. పావు అయిపోగానే బస్సు కండక్టరులా "హోల్డాన్!" అని ఒక్క అరుపు. మా వాళ్ళే కాదు, అవతలి టీమూ, రిఫరీ కూడా ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. ఏడుగురు దిగి ఏడుగురు ఎక్కాక "రైట్ రైట్!" అన్నాడు. ఆట కదిలింది.

నేనూ కదిలాను. బంతి నా దగ్గరకి రాకుండా ఎటు వెళ్ళాలో అటు పరిగెత్తాను. అయినా అది నన్ను వెతుక్కుంటూ వచ్చింది. వచ్చాక ఏదో ఒకటి చెయ్యాలి కదా అని చేశాను. మా గోల్లోకే వెళ్ళింది. నాలుగు ఒకటితో ఓడాం. ఆ నాలుగులో ఒకటి నాది. ఆ ఏడాది నేను కొట్టిన గోల్ అదొక్కటే.

గట్టు మీద వెల్లకిలా పడి గాలి పీలుస్తుంటే ముల్లు వచ్చి పక్కన కూలబడింది. మొహం ఎర్రగా ఉంది, జుట్టు నిలబడిపోయింది, మోకాలు చెక్కుకుపోయింది.

"మళ్ళీ ఎప్పుడే మన డ్యూటీ?" అంది. అన్నేళ్ళలో ఆ పిల్ల నోట "సరే" కాకుండా విన్న మొదటి మాట అది. విన్నాను. విననట్టు కళ్ళు మూసుకున్నాను. ఇది గుర్తుంచుకోండి, నా మీద జాలి పడేముందు పనికొస్తుంది.

నన్ను కాపాడింది చార్టు అడుగున ఉన్న చిన్న లైను. ఎర్ర పెన్సిలుతో రాసి ఉంది: "ఇద్దరూ ఇష్టపడితే డ్యూటీ మార్చుకోవచ్చు. చీటీ తప్పనిసరి."

డిపోలో ఉండే పద్ధతే అది. ఒక డ్రైవరు ఇంట్లో పనుంటే తన డ్యూటీ ఇంకొకడికిచ్చి, వాడి డ్యూటీ మరోరోజు తను చేస్తాడు. దానికో చీటీ ఉంటుంది. తాతయ్య ఆ చీటీ మాటలు పొల్లుపోకుండా కింద రాసిపెట్టాడు: "నా డ్యూటీని నా పూర్తి ఇష్టంతో ఫలానావారికి ఇస్తున్నాను. బదులుగా తీసుకునే డ్యూటీ: ........"

చదవగానే నోట్సు వెనక పేజీ చింపాను. పిడుగుకి నా రెండు గళ్ళూ ఇచ్చేశాను. బదులుగా తీసుకునే డ్యూటీ దగ్గర ఏం రాయాలో తెలియక "తర్వాత" అని రాశాను. పిడుగు సంతకం పెడుతూ "నువ్వు బంగారమే స్టెప్నీ" అంది. ఆ వారం నాకొక మంచి పేరు రావడం అదే మొదలు.

అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? చదువులో నాకున్నది దస్తూరి ఒక్కటే. ఆడే ఏడుగురికీ చీటీలు కావాలి, కూర్చునే ఏడుగురికీ రాయడం బద్ధకం. మధ్యలో నేనున్నాను. "నీది ఆమెకిచ్చెయ్, ఇక్కడ పెట్టు సంతకం" అని గట్టు మీద ఆ కొస నుంచి ఈ కొసకి తిరిగాను. రెండో మ్యాచ్‌కి పదమూడు చీటీలు రాశాను. ముల్లు దగ్గరకీ వెళ్ళాను.

"నీకు పర్లేదు కదా? ఆడేవాళ్ళే ఆడితే గెలుస్తాం."

ముల్లు పెన్ను చేతిలో పట్టుకుని కాసేపు దాని మూత చూసింది. "సరే" అంది.

ఆ మ్యాచ్ గెలిచాం. తాతయ్య ఒక్కో చీటీ అందుకుని, సంతకాలు రెండూ చూసి, తీగకి గుచ్చాడు. ఇద్దరికీ ఇష్టమైతే ఆయనకేం అభ్యంతరం? చీటీలన్నీ నెలాఖరున కలిపి చూడటం డిపో అలవాటు, అప్పటిదాకా తీగ ముట్టడు. పైగా గెలుపు. "చూశావా, అందరికీ డ్యూటీ ఇస్తే బండి ఎలా పరిగెడుతుందో!" అని అమ్మమ్మకి చెప్పి రెండోసారి టీ పెట్టించుకున్నాడు. నేను పక్కన కూర్చుని బిస్కెట్టు ముంచుకుని తిన్నాను. గొంతులో అడ్డం కూడా పడలేదు.

మూడో మ్యాచ్‌కి ముల్లు వాళ్ళ నాన్న వచ్చాడు. కూతురు మొదటి మ్యాచ్ కబుర్లు రోజూ చెబుతుంటే, ఆ మధ్యాహ్నం కొట్టు షట్టరు దింపి మరీ వచ్చాడు. తీగ కంచె అవతల నిలబడ్డాడు. రోజంతా భూతద్దం బిగించుకునే కంటి చుట్టూ గుండ్రటి గుర్తు.

"పెద్దాయనా, మా పిల్ల ఎప్పుడు దిగుతుందండీ?"

తాతయ్య చార్టు మీద వేలు జరిపాడు. "ఒకటి ఎవరికో ఇచ్చింది బాబూ. ఇంకోటి మూడో పావులో. ఈ విరామం అవగానే. ఇంకో రెండు నిమిషాలు, అంతే."

ఆ రెండు నిమిషాల్లోనే పిడుగు గట్టు దగ్గరకి పరిగెత్తుకొచ్చింది. "ఒసేయ్, మూడోది కూడా రాయవే! స్కోరు సమానంగా ఉంది!" నేను రాశాను. ముల్లు కంచె వైపు చూసింది, నా వైపు చూసింది, సంతకం పెట్టింది. చీటీ తీసుకెళ్ళి తాతయ్య చేతిలో పెట్టింది కూడా నేనే.

తాతయ్య చీటీ చూసి, కంచె వైపు తిరిగాడు. "అది... మార్చుకుందట బాబూ. ఇష్టపడే మార్చుకుంది."

"పర్లేదండీ, పర్లేదు" అన్నాడాయన. కూతురు గట్టు మీద కూర్చుని నీళ్ళ సీసాలు సర్దుతుంటే కాసేపు చూసి, కొట్టు తెరవడానికి వెళ్ళిపోయాడు.

మేం గెలిచాం. ఫైనల్‌కి వెళ్ళాం. ఇంటికి రాగానే తాతయ్య నెలాఖరు దాకా ఆగకుండా తీగలోంచి చీటీలు లాగి, మంచం మీద పరిచి, కలిపి చూశాడు. గడప దగ్గర నిలబడి బయటికి పోయే దారి ఉందో లేదో నేను చూసుకుంటున్నాను.

"రెండు మ్యాచ్‌లు కలిపి ఎనభై నిమిషాలు. పిడుగు, ఎనభై. గడియారాలాయన కూతురు, సున్నా. మా ఇంటి మహారాణి, సున్నా." చీటీలు పేకముక్కల్లా విప్పి నాకు చూపించాడు. "ఇరవై ఏడు చీటీలు. అన్నీ ఒకే దస్తూరి. ఎవరిదో తెలుసా నీకు?"

"చాలా అందంగా ఉంది కదా తాతయ్యా" అన్నాను, పనిచేస్తుందేమోనని.

పనిచెయ్యలేదు.

"బదులుగా తీసుకునే డ్యూటీ, తర్వాత. తర్వాత. తర్వాత. ఈ తర్వాత అనేది ఏ వారం వస్తుందే?"

"అందరూ ఒప్పుకునే సంతకం పెట్టారు. పూర్తి ఇష్టంతో అని నువ్వే కదా రాశావు!"

తిడతాడనుకున్నాను. చీటీలో ఆ మాట కింద పెన్సిలుతో గీత గీశాడు. కూరగాయలు తరుగుతున్న అమ్మమ్మ కత్తిపీట మీంచి తల ఎత్తకుండా అంది, "ఆ గడియారాలాయనలాగే నేనూ ఒకసారి స్టాపులో నిలబడ్డాను లెండి."

"ఎప్పుడమ్మమ్మా?"

"మీ తాతయ్యకి ఏడో ట్రిప్పు పడిన రోజు. మన వీధి చివర నుంచే బస్సు. ముందు సీట్లో కూర్చుందామని మంచి చీర కట్టుకుని గంట ముందే వెళ్ళాను. బస్సొచ్చింది. ఇంకెవరో నడుపుతున్నారు."

"ఆరు ట్రిప్పులే కదా నడిపింది?"

"అందుకే ఆరయ్యాయి" అంది అమ్మమ్మ.

తాతయ్య పెన్సిలు తిప్పుకుంటూ అన్నాడు, "పెద్ద డ్రైవరు వచ్చి భుజం మీద చెయ్యేశాడు. తమ్ముడూ, ఈ ట్రిప్పు నాకిచ్చెయ్, తర్వాత చూసుకుందాం అన్నాడు. నేనేమంటాను? సరే అన్నాను. పూర్తి ఇష్టంతో అని సంతకం పెట్టాను." చీటీలు మళ్ళీ కట్టగా పేరుస్తూ, "తర్వాత గుమాస్తానయ్యాక ఆ చీటీ పద్ధతే తీసేసి ఉండొచ్చు. రూల్సు పుస్తకంలో ఉంది కదా అని ఉంచేశాను. ఇరవై ఆరేళ్ళు" అన్నాడు.

అప్పుడు నాకు ముల్లు పెన్ను మూత చూడటం గుర్తొచ్చింది. గడప దాటి లోపలికొచ్చి స్కేలు నేనే ఇచ్చాను.

కొత్త చార్టు అడుగున ఎర్ర లైను లేదు. మర్నాడు నోటీసు బోర్డు దగ్గర గోలైపోయింది. డ్రిల్ మాస్టారు "ఫైనలండీ, ఫైనల్!" అని తల పట్టుకున్నారు. పిడుగు నేరుగా తాతయ్య ముందుకొచ్చి నిలబడింది.

"తాతగారూ, నేను బాగా ఆడటం తప్పా?"

"తప్పెందుకమ్మా? నీ అంత బాగా ఆడేవాళ్ళు ఈ చుట్టుపక్కల లేరు."

"మరి నన్నెందుకు కూర్చోబెడుతున్నారు?"

తాతయ్య పెన్సిలు చెవికి దోపుకుంటూ అన్నాడు, "నిన్ను కూర్చోబెట్టడం లేదమ్మా, వాళ్ళని లేపుతున్నాను. ఉన్నవి ఏడు చోట్లే. ఏం చెయ్యను?"

"ఓడిపోతే?"

"ఓడిపోవచ్చు."

పిడుగు కళ్ళనిండా నీళ్ళతో వెళ్ళిపోయింది. అది కూడా అన్యాయంగానే కనిపించింది నాకు. తాతయ్యకీ కనిపించిందనుకుంటాను, ఆ పూట టీ తాగలేదు.

నా విషయానికొస్తే, ఇష్టం లేకపోతే పేరు తీసేయించుకోమన్నాడు. అప్పుడు గట్టూ ఉండదు, బిస్కెట్లూ ఉండవు, చివరి పీరియడ్ లెక్కలు చెప్పించుకోవాలి. "ఆడతాను" అన్నాను, దేశం కోసం ప్రాణమిచ్చేదానిలా. "అయితే ముందు ఈ పని చెయ్" అని ఒక చీటీ ఇచ్చి గడియారాల కొట్టుకి పంపాడు.

కొట్టు మా ఇంటి బీరువాకంటే కొంచెం పెద్దది. గోడనిండా గడియారాలు, ఒక్కొక్కటీ ఒక్కో టైము చూపిస్తోంది. ముల్లు వాళ్ళ నాన్న చీటీ చదివాడు. బస్సు టైములు రాసినట్టే రాశాడు తాతయ్య: "రెండో పావు 4.10. మూడో పావు 4.25. మార్పు లేదు."

"నిజంగా దిగుతుందా అమ్మాయ్? పోయినసారీ ఇలాగే చెప్పారు."

"దిగుతుంది బాబాయ్ గారూ. పోయినసారి... పోయినసారి చీటీ రాసింది నేనే" అన్నాను.

ఆయన కంటికున్న భూతద్దం తియ్యకుండానే నన్ను చూశాడు. ఆ కంట్లోంచి నేనెంత పెద్దగా కనిపించానో గానీ, నాకు మాత్రం నేను స్క్రూ అంత అనిపించాను. "మంచిది" అని చీటీని గాజు బల్ల కింద పెట్టుకున్నాడు.

ఫైనల్లో మొదటి పావు పిడుగుది. వెళ్తూనే ఒక గోల్ కొట్టి, "హోల్డాన్!" వినగానే వచ్చి గట్టు మీద కూర్చుంది. కూర్చోవడం రాదు ఆ పిల్లకి. లేస్తుంది, కూర్చుంటుంది, జెర్సీ మెడ నములుతుంది. సరిగ్గా నాలుగూ పదికి కంచె అవతల గడియారాలాయన కనిపించాడు. ముల్లూ నేనూ కలిసి దిగాం. ముల్లు పరిగెత్తింది. నేను పరిగెత్తుతున్నట్టు కనిపించాను. ఒక బంతి నా వీపుకి తగిలి గోల్ కాకుండా ఆగింది, అందరూ చప్పట్లు కొట్టారు. నేను అటు తిరిగి ఉన్నది తప్పించుకోవడానికని ఎవరికీ చెప్పలేదు. ఆ పావు ముగిసేసరికి మా మీద రెండు గోల్స్ పడ్డాయి.

విరామంలో పిడుగు వచ్చి ముల్లు పక్కన గొంతుక్కూర్చుంది. "మూడోది నాకిచ్చెయ్యవే. చీటీ అక్కర్లేదు, జెర్సీ మార్చుకుందాం. తాతగారికి దూరం నుంచి నంబరే కనిపిస్తుంది. కప్పు మనదే."

ముల్లు జెర్సీ అంచు వేలికి చుట్టుకుంది. ఆ పిల్ల నోట ఏం వస్తుందో నాకు తెలుసు, స్కూలందరికీ తెలుసు.

"ఇవ్వను" అంది ముల్లు.

పిడుగు సరిగ్గా వినలేదేమో, "ఆఁ?" అంది.

"ఇవ్వనక్కా. నా డ్యూటీ" అని లేచి, మోకాళ్ళు దులుపుకుని గ్రౌండులోకి నడిచింది.

మూడో పావు అంతా ఆ సన్నటి కాళ్ళు ఆగలేదు. బంతి తగిలింది తక్కువ, వెంటపడింది ఎక్కువ. పావు ముగిసే వేళకి మాత్రం ఎలాగో బంతి తన కాళ్ళకి చిక్కింది. ముందు ఎవరూ లేరు. గీత మీద పిడుగు ఎక్కడానికి సిద్ధంగా నిలబడి గెంతుతోంది. "తాతగారూ! టైము! టైమైంది!"

తాతయ్య వాచీ చూశాడు. ముల్లుని చూశాడు. "హోల్డాన్" అనలేదు. కంచె అవతల గడియారాలాయన రెండు చేతులతో తీగ పట్టుకుని కాలివేళ్ళ మీద లేచాడు. ముల్లు ఉన్న బలమంతా పెట్టి తన్నింది. బంతి వెళ్ళి గోల్ స్తంభానికి తగిలి, టంగుమని మోగి, బయటికి పోయింది.

"హోల్డాన్!" అన్నాడు అప్పుడు తాతయ్య.

చివరి పావులో పిడుగు ఇంకో గోల్ కొట్టింది, స్కోరు సమానమైంది. తర్వాత వాళ్ళు ఒకటి కొట్టారు. అది నా కాళ్ళ మధ్యలోంచే వెళ్ళింది, దాచడానికేమీ లేదు. మూడు రెండుతో ఓడిపోయాం. పిడుగు ఏడ్చింది. డ్రిల్ మాస్టారు ఖాళీ సీసాని తన్నారు, అదీ గురి తప్పింది. ముల్లు మాత్రం ఎవరు దొరికితే వాళ్ళకి, "స్తంభానికి తగిలింది చూశావా? మోగింది చూశావా?" అని చెబుతూ తిరిగింది.

గడియారాలాయన బల్ల దగ్గరకి వచ్చాడు.

"పెద్దాయనా, మా పిల్ల ఇరవై నిమిషాల పదకొండు సెకన్లు ఆడింది."

"ఇరవై నిమిషాలు" అన్నాడు తాతయ్య, చార్టులో రాసుకుంటూ.

"పదకొండు సెకన్లు ఎక్కువండీ. నేను చేసేది అదే పని కదా."

తాతయ్య చొక్కా చెయ్యి మణికట్టు మీదికి లాక్కున్నాడు. "నా వాచీ కొంచెం ఆలస్యం."

"ఇటివ్వండి, చూస్తాను."

"అక్కర్లేదు బాబూ. బాగానే ఉంది."

"ఇప్పుడే ఆలస్యం అన్నారు కదండీ."

తాతయ్య చెవులు ఎర్రబడ్డాయి. నా మీద విరుచుకుపడ్డాడు. "ఏమే, నిలబడి వింటావేంటి? సీసాలు ఏరేది లేదా?"

ఏరుతూ వంగి చార్టులోకి చూశాను. ముల్లు పేరు ఎదురుగా రెండో పావు పది, మూడో పావు పది అని నీలం పెన్సిలుతో గుండ్రంగా రాశాడు. చార్టుల్లో ఆయన రాసిన దొంగ అంకె నాకు తెలిసి అదొక్కటే. చార్టు చుట్ట చుట్టి చంకలో పెట్టుకుని సైకిలు వైపు గబగబా నడిచాడు. "సార్, ఒక్క నిమిషం, మూత తీసి చూస్తే చాలు, ఊరికే చూస్తాను" అంటూ గడియారాలాయన గేటు దాకా వెంటపడ్డాడు.